టెలిఫోన్ ఉద్యోగుల హామ్ రేడియో పోటీలో మొదటిసారి కూర్చోవాలంటే ఏం చేయాలి?

చలి మొదలైందంటే నాకు ఒకే ప్రశ్న వేర్వేరు గొంతుల్లో వస్తుంది. "అన్నా, నువ్వు ఏటా రేడియో ముందు కూర్చుంటావట కదా, ఆ టెలిఫోన్ వాళ్ల పోటీలో నేనూ చేరాలంటే ఏం చేయాలి?" అడిగేవాళ్లు ఎక్కువగా డాలస్ చుట్టుపక్కల, న్యూజెర్సీ వైపు ఫోన్ కంపెనీల్లో పనిచేస్తున్న మనవాళ్లు, ఈమధ్యే రిటైరైనవాళ్లు. ఒక్కొక్కరికీ ఫోన్లో గంటసేపు చెప్పేకన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది.

ముందు రెండు ముక్కల్లో అసలు సంగతి. 1911లో బోస్టన్‌లో టెలిఫోన్ ఉద్యోగులు 'టెలిఫోన్ పయనీర్స్ ఆఫ్ అమెరికా' అనే సంఘం పెట్టుకున్నారు. అప్పటి ఏటీ అండ్ టీ కంపెనీ అధిపతి థియోడర్ వేల్ మొదటి అధ్యక్షుడు. గ్రాహం బెల్ కూడా అందులో ఉన్నాడు. అంధుల కోసం పుస్తకాలు చదివి వినిపించే యంత్రాలు పాడైతే బాగుచేసి ఇవ్వడం, చూపులేని పిల్లలు ఆడుకోవడానికి కూతపెట్టే బంతులు తయారుచేయడం ఈ సంఘం వాళ్లు చేతులారా చేసిన పనులు. ఇప్పుడు ఉట్టి 'పయనీర్స్' అంటున్నారు. సంఘం చాప్టర్లుగా ఉంటుంది, ప్రతి చాప్టర్‌కీ నంబరు ఉంటుంది. వీళ్లలో హామ్ లైసెన్స్ (సరదాకి సొంత రేడియోతో ఇతరులతో మాట్లాడేందుకు ఇచ్చే అనుమతి) ఉన్నవాళ్లు ఏడాదికోసారి రెండు రోజులపాటు గాలిలో కలుసుకునేదే 'టెలిఫోన్ పయనీర్స్ క్యూఎస్ఓ పార్టీ'. క్యూఎస్ఓ అంటే రెండు స్టేషన్ల మధ్య ఒక కాంటాక్టు.

1984 జనవరి 1న బెల్ సిస్టమ్, అంటే దాదాపు దేశమంతా ఫోన్లు నడిపిన ఏటీ అండ్ టీ కంపెనీల కూటమి, ముక్కలైంది. ఒకే హాల్లో పక్కపక్క బల్లల దగ్గర పనిచేసినవాళ్లు తెల్లారేసరికి వేర్వేరు కంపెనీల మనుషులయ్యారు. ఆనాటివాళ్లు ఇప్పుడు పెద్దవాళ్లు. ఆ రెండు రోజులు వాళ్ల గొంతులు వినడం కోసమే నేను కూర్చుంటాను. అందుకే మీకూ మొదటే చెబుతున్నా: గంటకి ఎన్ని కాంటాక్టులు చేశామన్నది ఇక్కడ రెండో మాట. అవతలివాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోవడం మొదటి మాట. కింద ఉన్న మెట్లన్నీ దానికోసమే.

కావలసినవి

- మీ పేరు మీద ఎఫ్‌సీసీ (అమెరికా ప్రభుత్వ కమ్యూనికేషన్ల సంస్థ) ఇచ్చిన హామ్ లైసెన్స్, కుదిరితే జనరల్ క్లాస్
- 100 వాట్ల హెచ్‌ఎఫ్ (దూరాలకి వెళ్లే షార్ట్‌వేవ్) రేడియో, దానికి 13.8 వోల్టులిచ్చే పవర్ సప్లై (20 ఆంప్స్‌కి తగ్గకూడదు). పాతదైనా పర్వాలేదు
- ఒక డైపోల్ యాంటెనా (మధ్యలో కేబుల్ తగిలించిన, రెండు సమాన చేతుల వైరు), దాన్ని రేడియోకి కలిపే 50 ఓమ్‌ల కోక్స్ కేబుల్
- ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్ (యాంటెనా రేడియోకి ఎంత సరిపడిందో చూపేది, 1 అంటే పూర్తిగా సరిపడినట్టు). చాలా రేడియోల్లో లోపలే ఉంటుంది
- హెడ్‌ఫోన్స్. స్పీకర్‌తో నెట్టుకురావచ్చనుకుంటారు, బలహీనమైన సిగ్నల్ వచ్చినప్పుడు తెలుస్తుంది
- యూటీసీకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) పెట్టిన గడియారం
- గీతల పుస్తకం, రెండు పెన్నులు. కంప్యూటర్‌లో లాగ్ (కాంటాక్టుల పట్టీ) రాసేవాళ్లకి కూడా ఇది అవసరమే
- మీ చాప్టర్ నంబరు, ఒక చీటీ మీద పెద్ద అక్షరాల్లో

1. లైసెన్స్

మొదటిది టెక్నీషియన్, తర్వాత జనరల్, ఆపైన ఎక్స్‌ట్రా. మొదటి రెండింటికీ 35 ప్రశ్నలు, 26 సరిగ్గా రాస్తే పాస్. ఎక్స్‌ట్రాకి 50లో 37. ప్రశ్నలూ జవాబులూ ముందే బయట పెడతారు, వాటిలోంచే వస్తాయి. ఓమ్స్ లా, డెసిబెల్స్, కేబుల్ లాస్ వగైరా మీరు ఉద్యోగంలో రోజూ వాడినవే కాబట్టి జనరల్‌కి మూడు నాలుగు వారాల సాయంత్రాలు చాలు. మోర్స్ (చుక్కలు-గీతల కోడ్) పరీక్ష 2007లోనే తీసేశారు. ఇంకా ఉందనుకుని వెనకాడేవాళ్లు ఈ రోజుకీ కనిపిస్తారు. పరీక్ష పాసయ్యాక ఎఫ్‌సీసీకి 35 డాలర్లు కట్టాలి, పరీక్ష పెట్టే వాలంటీర్ల రుసుము వేరు. లైసెన్స్ పదేళ్లు చెల్లుతుంది.

టెక్నీషియన్‌తో ఆగిపోతే? మాట్లాడటానికి హెచ్‌ఎఫ్‌లో మీకు దొరికేది 28.300 నుంచి 28.500 మెగాహెర్ట్జ్ దాకా ఒక్క ముక్క. ఇది 10 మీటర్ల బ్యాండ్‌లోది (బ్యాండ్ అంటే హామ్‌లకి కేటాయించిన ఫ్రీక్వెన్సీల పట్టీ, అల పొడవుని బట్టి మీటర్లలో పిలుస్తారు). ఆ బ్యాండ్ తెరుచుకున్న రోజు దేశమంతా వినిపిస్తుంది, లేని రోజు నిశ్శబ్దం. మోర్స్ వస్తే 80, 40, 15 మీటర్లలో కూడా కొంత చోటు ఉంది. అందుకే ఒకే రోజు రెండు పరీక్షలూ రాసెయ్యమంటాను.

2. ఆ ఏటి నిబంధనల కాగితం

పోయినేడాది కాగితం పట్టుకుని కూర్చోకండి. కొత్తది తీసుకుని ఈ ఐదూ వెతికి మీ చేత్తో రాసుకోండి: ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది, ఏ బ్యాండ్లలో, ఒకరికొకరు ఏం చెప్పుకోవాలి, ఒకే స్టేషన్‌ని ఎన్నిసార్లు లెక్కలోకి తీసుకుంటారు, లాగ్ ఎప్పటిలోగా ఎవరికి చేరాలి. సభ్యత్వం లేనివాళ్లతో చేసిన కాంటాక్టుల సంగతి కూడా అందులోనే చూసుకోండి.

3. గడియారం

లాగ్ అంతా యూటీసీలోనే. శీతాకాలంలో డాలస్ యూటీసీకి 6 గంటలు వెనక, న్యూజెర్సీ 5, కాలిఫోర్నియా 8. కాగితంలో శనివారం 1900 యూటీసీ అని ఉందనుకోండి, డాలస్‌లో మధ్యాహ్నం ఒంటిగంట. సోమవారం 0500 యూటీసీ అని ఉంటే మీకది ఆదివారం రాత్రి 11 గంటలే. "సోమవారం దాకా ఉందిగా" అని నిద్రపోయిన మిత్రుడొకరు ఉన్నారు.

గంట కన్నా తారీకు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. డాలస్‌లో సాయంత్రం 6 కాగానే యూటీసీ తారీకు మారిపోతుంది. నా మొదటి ఏడాది శనివారం సాయంత్రం చేసిన కాంటాక్టులన్నిటికీ శనివారం తారీకే వేశాను. ఆ రాత్రి పని మొత్తం అవతలివాళ్ల లాగ్‌లతో సరిపడలేదు. ఇప్పుడు లాగ్ పుస్తకంలో తారీకు మారేచోట ముందే ఎర్ర గీత గీసుకుంటున్నాను.

4. యాంటెనా

డబ్బు రేడియో మీద తగలేసి యాంటెనా దగ్గర పిసినారితనం చేయొద్దు. రేడియో పాతదైనా యాంటెనా బాగుంటే వినిపిస్తారు.

ఒక్కటే కట్టగలిగితే 40 మీటర్ల డైపోల్ కట్టండి. లెక్క తేలిక: 468ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మొత్తం పొడవు అడుగుల్లో వస్తుంది. 7.2కి 65 అడుగులు, అంటే ఒక్కో చేయి ముప్పై రెండున్నర. ఎప్పుడూ కాస్త ఎక్కువగానే కోయండి. వైరు కత్తిరించడం సులువు, అతకడం విసుగు.

మొదటిసారి 67 అడుగులు కోసి పైకెత్తారనుకుందాం. తక్కువ పవర్‌లో, మీ లైసెన్స్ అనుమతించే చోట్లలో, మీటర్ చూస్తూ కిందనుంచి పైకి వెళ్లండి. ఎస్‌డబ్ల్యూఆర్ అన్నిటికన్నా తక్కువగా 7.03 దగ్గర కనిపించిందా? వైరు పొడవెక్కువ. 67ని 7.03తో హెచ్చవేసి మీకు కావలసిన 7.22తో భాగించండి, దాదాపు 65 వస్తుంది. రెండడుగులు తగ్గాలి, అంటే ఒక్కోవైపు ఒక అడుగు. ఒక వైపే రెండడుగులు కోయకండి. మళ్లీ ఎత్తి చూడండి. 2 కన్నా తక్కువ ఉంటే ఇక దాని జోలికి వెళ్లొద్దు. 1.0 కోసం రోజంతా నిచ్చెన ఎక్కిదిగడం వల్ల కాంటాక్టులు పెరగవు.

మనవాళ్ల గరాజ్‌లో పాత డ్రాప్ వైరు చుట్ట ఒకటి పడి ఉంటుంది. స్తంభం నుంచి ఇంటికి వేసే ఆ గట్టి వైరు డైపోల్ చేతులకి భేషుగ్గా పనికొస్తుంది, సాగదు, తెగదు. కానీ రేడియో నుంచి యాంటెనాకి వెళ్లే లైన్‌గా టెలిఫోన్ కేబుల్ వాడొద్దు. కోక్స్ 50 ఓమ్‌లు, ఆ పెయిర్ సుమారు 100. అక్కడ కక్కుర్తి వద్దు.

జాగ్రత్తలు మూడు. కరెంటు తీగ దగ్గరికి యాంటెనా గానీ, అది తెగితే పడేచోటు గానీ రాకూడదు. లైన్‌మన్‌గా ముప్పై ఏళ్లు చేసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, అయినా చెబుతాను, ఎందుకంటే అలవాటైనవాళ్లే ఏమరుపాటుగా ఉంటారు. రెండోది, రేడియో కోసం కొత్తగా ఎర్త్ రాడ్ కొడితే దాన్ని ఇంటి కరెంటు ఎర్త్‌తో మందపాటి రాగి తీగతో కలపాలి. విడిగా వదిలేస్తే పిడుగు పడ్డప్పుడు రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజీ మీ రేడియోలోంచే దారి వెతుక్కుంటుంది. మూడోది, యాంటెనా చివర మనిషికి అందేంత కిందికి ఉండకూడదు, మాట్లాడేటప్పుడు తగిలితే చర్మం కాలుతుంది.

ఇళ్ల సంఘం ఒప్పుకోకపోతే? అటకలో డైపోల్ కట్టండి, చేతులు కొద్దిగా వంచినా ఫర్వాలేదు. లేదా ఒక చెట్టుకి కట్టే ఎండ్-ఫెడ్ వైరు, అంటే ఒక కొస దగ్గరే కేబుల్ తగిలించేది. అదీ కుదరకపోతే ఆ రెండు రోజులూ పార్కులో బల్ల దగ్గర బ్యాటరీతో కూర్చోవచ్చు.

యాంటెనా పని పోటీకి రెండు వారాల ముందే ముగించండి. శుక్రవారం రాత్రి కనెక్టర్ టంకం వేసుకునేవాళ్లు శనివారం మధ్యాహ్నం "సిగ్నల్ వస్తోంది, పోతోంది" అని నాకు ఫోన్ చేస్తారు. కేబుల్ బయటి రాగి జల్లెడ పీఎల్-259 కనెక్టర్‌కి సరిగ్గా అతక్కపోతే కేబుల్ కదిలిన ప్రతిసారీ అలాగే అవుతుంది. పరీక్ష ఇది: కనెక్టర్ దగ్గర కేబుల్‌ని మెల్లగా అటూఇటూ ఊపుతూ సిగ్నల్ మీటర్ చూడండి. ముల్లు ఎగిరితే మళ్లీ టంకం.

5. రేడియో అమరిక

పగలు 20 మీటర్లు, పొద్దు వాలాక 40, బాగా చీకటిపడ్డాక 80. జనరల్ వాళ్లకి మాట్లాడే చోట్లు: 14.225–14.350, 7.175–7.300, 3.800–4.000. 20 మీటర్లలో యూఎస్‌బీ (గొంతు డయల్ ఫ్రీక్వెన్సీకి పైవైపు వెళ్లే పద్ధతి), 40లో, 80లో ఎల్‌ఎస్‌బీ (కిందివైపు వెళ్లేది).

అంచుల దగ్గర జాగ్రత్త. డయల్ మీద కనిపించేది మీ గొంతుకి ఒక కొస మాత్రమే, రెండో కొస దాదాపు 3 కిలోహెర్ట్జ్ అవతల ఉంటుంది. ఎల్‌ఎస్‌బీలో 7.178 కన్నా కిందికి, యూఎస్‌బీలో 14.347 కన్నా పైకి పోకుండా ఉంటే నిశ్చింత. 30, 17, 12 మీటర్ల బ్యాండ్లలో పోటీలు నడపరు, అది హామ్‌ల కట్టుబాటు.

మైక్ గెయిన్ పెంచితే దూరం వెళ్తామనేది అపోహ. ఏఎల్‌సీ (గొంతు మితిమీరకుండా ఆపే సర్క్యూట్) ముల్లు గీత దాటితే గొంతు చీలి పక్కవాళ్ల మీద చిమ్ముతుంది. ఊళ్లోనే ఉన్న హామ్ మిత్రుణ్ని ఒకసారి వినమని అడగండి.

6. చెప్పే మాటలు నోటికి రావాలి

మన తెలుగు నోళ్లకి ఇదే అసలు మెట్టు. సిగ్నల్ రిపోర్టు (ఎంత బాగా వినిపిస్తున్నారో చెప్పే అంకెలు, 'ఫైవ్ నైన్' అంటే చాలా బాగా), చాప్టర్ నంబరు, పేరు చెప్పాలని కాగితంలో ఉందనుకోండి. వరస ఇలా నడుస్తుంది:

అవతలివారు: "సీక్యూ టెలిఫోన్ పయనీర్స్, దిస్ ఈజ్..." అని తమ కాల్‌సైన్ (లైసెన్స్‌తో వచ్చే అక్షరాల, అంకెల గుర్తు) చెబుతారు. సీక్యూ అంటే ఎవరైనా జవాబివ్వండని పిలుపు.
మీరు: మీ కాల్‌సైన్ మాత్రమే, ఒక్కసారి, అక్షరం అక్షరం.
అవతలివారు: మీ కాల్‌సైన్, "ఫైవ్ నైన్, చాప్టర్ వన్ ఫైవ్, నేమ్ జో."
మీరు: "థాంక్యూ జో. ఫైవ్ నైన్, చాప్టర్ ఫైవ్ జీరో, నేమ్ వెంకట్."

ఇంతే. ఇప్పుడు మన ఇబ్బందులు చూడండి.

'వీ'నీ 'డబ్ల్యూ'నీ మనం ఇంచుమించు ఒకే 'వ'తో పలుకుతాం. ఉత్తి అక్షరం చెప్పకండి, ఎప్పుడూ విక్టర్, విస్కీ అనండి. ఇంగ్లిష్ చివరి అక్షరాన్ని మనం 'జెడ్' అంటాం, వాళ్లు 'జీ' అంటారు, అది గరగరలో 'సీ'లా వినిపిస్తుంది. 'జులు' అనేస్తే గొడవే లేదు.

'డబుల్ ఫైవ్' అనకండి. మనకి చిన్నప్పటి నుంచి అలవాటు, ఫోన్ నంబర్లన్నీ అలాగే చెప్పాం. ఇక్కడివాళ్లు ఒక 5 రాసుకుని ఆగిపోతారు. 'ఫైవ్ ఫైవ్' అనాలి. 'ఫిఫ్టీ', 'ఫిఫ్టీన్' అసలే వద్దు. 'ఫైవ్ జీరో', 'వన్ ఫైవ్'. సున్నాని 'ఓ' అనడం టెలిఫోన్ వాళ్ల పాత అలవాటు, కాల్‌సైన్‌లో అది అక్షరమైపోతుంది.

పేరు కుదించుకోండి. వెంకటేశ్వరరావు గారు ఆ రెండు రోజులూ వెంకట్. అడిగితే: విక్టర్, ఎకో, నవంబర్, కిలో, ఆల్ఫా, టాంగో.

నేను కారులో వెళ్తూ ముందరి కార్ల నంబర్ ప్లేట్లు ఈ మాటల్లో చదివేవాణ్ని. పదిరోజులకి తడబాటు పోయింది. అమెరికా హామ్‌ల సంఘం స్టేషన్ కాల్‌సైన్‌తో కూడా సాధన చేయవచ్చు: విస్కీ వన్ ఆల్ఫా విస్కీ. ఆగకుండా పదిసార్లు అనండి.

7. ఆ రోజు

మొదటి పావుగంట ఏమీ మాట్లాడకండి. వినండి. ఎవరు ఎక్కడున్నారో, ఏం చెప్పుకుంటున్నారో చెవికి పడుతుంది. తర్వాత బలంగా వినిపిస్తున్న స్టేషన్లకి జవాబివ్వండి. ఓ పది కాంటాక్టులయ్యాక ఖాళీ చోటు చూసుకుని మీరే పిలవండి. ముందు "ఈ ఫ్రీక్వెన్సీ ఎవరైనా వాడుతున్నారా?" అని ఇంగ్లిష్‌లో రెండుసార్లు అడగాలి. మీకు వినిపించనంత మాత్రాన అక్కడ ఎవరూ లేరని కాదు.

సగం వినిపించిన కాల్‌సైన్‌ని పూర్తిచేసి రాసేయకండి. అడగండి. లాగ్‌లో ఒక్క అక్షరం తప్పితే, ఎక్స్ఛేంజ్‌లో లైన్లన్నీ కలిసే మెయిన్ ఫ్రేమ్ మీద జంపర్ వైరు పక్క పెయిర్‌కి వేసినట్టే. చూడటానికి పని అయినట్టే ఉంటుంది, ఫోన్ మాత్రం ఇంకెవరింట్లోనో మోగుతుంది. అనుమానంగా ఉంటే ఆ చోట ప్రశ్నార్థకం పెట్టి, "ప్లీజ్ రిపీట్ యువర్ చాప్టర్" అని అడిగి, విన్నాకే కొట్టేయండి.

కొన్నేళ్ల కిందట ఆదివారం సాయంత్రం 40 మీటర్లలో గరగరల అడుగు నుంచి ఒక పెద్దాయన గొంతు వచ్చింది. కాల్‌సైన్ రాసుకున్నాను, చాప్టర్ రాసుకున్నాను. ఆయన ఆగి, మెల్లగా, తను ఉద్యోగంలో చేరిన రోజు ఆఫీసులో స్టెప్-బై-స్టెప్ స్విచ్ ఉండేదని, డయల్ తిప్పినప్పుడల్లా వరసలు వరసలుగా సెలెక్టర్లు టకటకమని ఎక్కుతుంటే నేల అదిరేదని చెప్పడం మొదలుపెట్టాడు. నేను పాయింట్ల తొందరలో "థాంక్యూ" అని ముందుకెళ్లిపోయాను. పది నిమిషాలకి వెనక్కి తిరిగి చూస్తే ఆ చోట్లో ఎవరూ లేరు. ఆ తర్వాత ఏ ఏడాదీ ఆయన నాకు దొరకలేదు. ఎవరైనా ఆగి మాట్లాడితే, దయచేసి మీరూ ఆగండి.

పది నిమిషాలకోసారి, చివర్లో ఒకసారి మీ కాల్‌సైన్ చెప్పడం చట్టం. తెలుగులో మాట్లాడుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. హాయిగా మాట్లాడుకోవచ్చు, కాల్‌సైన్ మాత్రం ఇంగ్లిష్‌లో చెప్పాలి.

8. నాన్నగారిని కూర్చోబెట్టవచ్చా?

ఇది ఎక్కువమంది అడిగే రెండో ప్రశ్న. గుంటూరు నుంచో వరంగల్ నుంచో వచ్చిన నాన్నగారు, మామయ్యగారు అక్కడ టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసినవాళ్లయి ఉంటారు. లైసెన్స్ లేకపోయినా మీరు పక్కనే కూర్చుని, డయల్ మీ చేతిలో పెట్టుకుని, కాల్‌సైన్ సంగతి మీరు చూసుకుంటే, అమెరికా స్టేషన్లతో వాళ్లు మాట్లాడవచ్చు. కానీ అవతల భారతదేశపు స్టేషన్ తగిలితే మైక్ వెంటనే మీరు తీసుకోవాలి. లైసెన్స్ లేని మనిషి మాట అలా వేరే దేశానికి వెళ్లాలంటే రెండు దేశాల మధ్య ఒప్పందం ఉండాలి, ఇండియాతో అది లేదు. చాప్టర్ నంబరు మీదే చెప్పాలి, ఆయనది కాదు.

9. లాగ్ సరిచూసి పంపడం

కంప్యూటర్‌లో లాగ్ రాసే ప్రోగ్రామ్ ఎన్ వన్ ఎంఎం లాగర్ ఉచితం. జాబితాలో ఈ పోటీ పేరు లేకపోతే మామూలు లాగ్‌లోనే రాసుకోండి. కాగితం కూడా తప్పేమీ కాదు.

పోటీ ముగిశాక నిద్రపోయి, మర్నాడు ఇవి చూడండి:

- ఒకే బ్యాండ్‌లో ఒకే స్టేషన్ రెండుసార్లు ఉందా? తుడిచేయొద్దు, సున్నా పాయింట్లు వేసి ఉంచండి
- బ్యాండ్ మారినచోట లాగ్‌లో బ్యాండ్ మార్చారా? 20 నుంచి 40కి దిగి ఇంకా 20 అనే రాసుకుపోవడం అందరూ చేసే తప్పే
- యూటీసీ తారీకు
- ప్రశ్నార్థకాలు. తీరనిది లెక్కలోంచి తీసేయండి. కాల్‌సైన్ డేటాబేస్‌లో వెతికి ఊహతో నింపడం వద్దు, అది మీరు విన్నది కాదు

గడువుకి రెండు రోజుల ముందే పంపండి, పది కాంటాక్టులే ఉన్నా పంపండి. మీ లాగ్ వెళ్తేనే అవతలివారి కాంటాక్టు సరైనదో కాదో పోల్చి చూడటానికి వీలవుతుంది.

తర్వాత కార్డులు, అంటే కాంటాక్టు జరిగిందని ధ్రువీకరిస్తూ ఒకరికొకరు పంపుకునేవి. అందరికీ అక్కర్లేదు, ఆగి మాట్లాడినవాళ్లకి మాత్రం పోస్టులో పంపండి. ముందువైపు కాల్‌సైన్, యూటీసీ సమయం, బ్యాండ్. వెనకవైపు మీరు ఏ ఆఫీసులో, ఏ స్విచ్ మీద, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా చేశారో చేత్తో రాయండి. తిరిగొచ్చే కార్డు వెనక కూడా అలాగే రాసి ఉంటుంది.